సముద్రం లేని చోట అలలు: వేవ్ పూల్స్ వెనక మనుషులు, డబ్బు, నీళ్లు



హైదరాబాద్ వాటర్ పార్కులకి పోయొచ్చిన మన తమ్ముళ్లు, చెల్లెళ్లకి వేవ్ పూల్ అంటే ఏంటో చెప్పక్కర్లేదు. పెద్ద సిమెంటు తొట్టి. కాసేపు నీళ్లు ఊగుతాయి, అందరూ కేకలు వేస్తారు, తర్వాత ఆగిపోతాయి. ఈ రోజు మనం చెప్పుకోబోయేది దానికంటే చాలా పెద్ద సంగతి. మనిషి పలక మీద నిలబడి జారిపోయేంత అలని సముద్రం లేని చోట యంత్రంతో పుట్టించడం. దీనికోసం దాదాపు 60 ఏళ్లుగా ఇంజినీర్లు, ఆటగాళ్లు, రియల్ ఎస్టేట్ వాళ్లు తంటాలు పడుతున్నారు. కొందరు బాగుపడ్డారు, కొందరు దివాలా తీశారు.

"దీనికీ మనకీ ఏం సంబంధం?" అని అడుగుతారేమో. సంబంధం ఉంది. సర్ఫింగ్ ఒక మూలవాసీ జాతి ప్రపంచానికి ఇచ్చిన ఆట. ఆ ఆటని అమ్మకానికి పెట్టిన కొలనుల్లో కొన్ని వేరే మూలవాసుల నేల మీద, వాళ్ల నీళ్లు పోయిన చోట వెలిశాయి. ఈ చరిత్రని అటు పలక వైపు నుంచి, ఇటు నీళ్ల వైపు నుంచి కలిపి చదివితేనే పూర్తిగా అర్థమవుతుంది.

పలక ఎవరిది?

హవాయి దీవుల మూలవాసులు ఈ ఆటని హెఎ నలు అంటారు. హెఎ అంటే జారడం, నలు అంటే అల. రాజులు, రాణులు, చేపలు పట్టేవాళ్లు, పిల్లలు, ఆడవాళ్లు, మగవాళ్లు అందరూ ఆడేవాళ్లు. పలక కోసం చెట్టు కొట్టే ముందు మొదట్లో ఒక చేపని పెట్టి మొక్కుకునేవాళ్లట. అడవిలో చెట్టు మీద గొడ్డలి వేసే ముందు దణ్ణం పెట్టుకునే మన పెద్దవాళ్లు ఇది వింటే ఆశ్చర్యపోరు.

అలాగని అక్కడ అంతా సమానత్వమే అనుకోవద్దు. కపు అనే కట్టుబాట్లు ఉండేవి. కొన్ని చోట్ల అలలు దొరలకే. ఓలో అనే పొడవాటి పలకలు కూడా దొరలవే. మన చరిత్ర చెప్పుకునేటప్పుడు లోపలి తేడాలు దాచుకోవాల్సిన పని లేదు.

1778లో కెప్టెన్ కుక్ ఓడలు హవాయి చేరాయి. వాటితోపాటు రోగాలూ దిగాయి. అంతకుముందు లక్షల్లో ఉన్న హవాయి మూలవాసులు 1890 జనాభా లెక్కల నాటికి సుమారు 40 వేల మందే మిగిలారు. 1820లో అమెరికా నుంచి మిషనరీలు వచ్చారు. బట్టలు లేకుండా ఆడామగా కలిసి అలల మీద ఆడటం, పందేలు కాయడం వాళ్లకి నచ్చలేదు. సోమరిపని అన్నారు. చెరకు తోటలు పెరిగాయి, భూములు చేతులు మారాయి. 1893లో అమెరికన్ వ్యాపారులు, ఆ దేశ సైనికుల అండతో, రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. 1898లో ఆ దీవులని అమెరికా తనలో కలిపేసుకుంది. రాణిని కూల్చిన సరిగ్గా నూరేళ్లకి, 1993లో, అందుకు అమెరికా కాంగ్రెస్ క్షమాపణ తీర్మానం చేసింది. క్షమాపణ అయితే చెప్పారు గానీ, భూమి తిరిగి ఇవ్వలేదు.

చాలా పుస్తకాల్లో "చచ్చిపోయిన సర్ఫింగ్‌ని తెల్లవాళ్లు బతికించారు" అని రాసి ఉంటుంది. 1907లో రచయిత జాక్ లండన్ వైకికీ వచ్చి ఈ ఆట గురించి రాశాడు, 1908లో ఔట్రిగర్ క్లబ్ పెట్టారు, అక్కణ్ణుంచి మొదలైందని చెబుతారు. ఆ క్లబ్‌లో ఎక్కువమంది తెల్లవాళ్లే. హవాయి మూలవాసీ చరిత్రకారుడు ఐజాయా హెలెకునిహి వాకర్ 2011లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని ఖండించాడు. ఆట ఎప్పుడూ చావలేదనీ, నేల మీద అన్నీ పోతున్నా అలల మీద మాత్రం హవాయి వాళ్లు తమ పెత్తనం నిలుపుకున్నారనీ ఆయన వాదన. 1911లో మూలవాసులు హుయి నలు అనే సొంత క్లబ్ పెట్టుకున్నారు. అందులోని డ్యూక్ కహనమోకు 1912 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం గెలిచి, తర్వాత కాలిఫోర్నియాలో, ఆస్ట్రేలియాలో పలక ఎక్కి చూపించాడు. లోకానికి సర్ఫింగ్ నేర్పింది ఆయనే అంటారు.

ఈ సంగతి గుర్తుపెట్టుకుని ముందుకి పోదాం. సముద్రపు అల ఎవరి సొత్తూ కాదు, దానికి టికెట్ పెట్టలేం. దాన్ని అమ్మాలంటే ముందు దానికి నాలుగు గోడలు కట్టాలి.

ఎడారిలో వైకికీ

నీళ్లలో కృత్రిమంగా అలలు పుట్టించడం కొత్త విషయం కాదు. 1870లలోనే బవేరియా రాజు రెండో లూడ్విగ్ తన తోటలోని కృత్రిమ గుహలో చిన్న కొలను కట్టించి, దాంట్లో అలల యంత్రం పెట్టించుకున్నాడు. 1927లో బుడాపెస్ట్‌లోని గెల్లెర్ట్ స్నానశాలలో అలల కొలను వచ్చింది. 1934లో లండన్ వెంబ్లీలోని ఎంపైర్ పూల్‌కీ అలల యంత్రాలు బిగించారు. అవన్నీ స్నానానికి, సరదాకి పనికొచ్చే చిన్న కదలికలే. పలక మీద నిలబడేంత అల కావాలంటే లెక్క వేరు.

ఆ లెక్కని మొదట వ్యాపారం చేసింది ఫిల్ డెక్స్టర్ అనే ఇంజినీర్. అమెరికాలోని అరిజోనా ఎడారిలో, ఫీనిక్స్ పక్కన టెంపే అనే ఊళ్లో, 1969లో బిగ్ సర్ఫ్ తెరిచారు. జుట్టు రంగులు అమ్మే క్లెరాల్ కంపెనీ పెట్టుబడి పెట్టింది. కొలనులో 25 లక్షల గ్యాలన్ల నీళ్లు, అంటే సుమారు 95 లక్షల లీటర్లు. పద్ధతి సూటిగానే ఉంటుంది. ఒక గోడ వెనక ఎత్తుగా నీళ్లు పంపుతో నింపి, కింద తలుపులు ఒక్కసారిగా తెరుస్తారు. చెరువు తూము ఒక్కసారి ఎత్తేస్తే నీళ్లు ఎట్లా దూకుతాయో అట్లా దూకి అల లేస్తుంది.

ఆ కొలనుకి వాళ్లు పెట్టిన పేరు వైకికీ బీచ్. తాటాకు గుడిసెలు, దీవుల బొమ్మలు, మొత్తం అలంకరణ పాలినేషియా దీవులదే. హవాయి మూలవాసుల ఊరు పేరు, వాళ్ల ఆట, వాళ్ల ఇళ్ల నమూనా అన్నీ ఎడారికి తెచ్చుకున్నారు.

ఇక ఆ ఎడారి ఎవరిది? అక్కడి మూలవాసులు అకిమెల్ ఓధామ్. పేరుకి అర్థం నది మనుషులు. వాళ్లకంటే ముందున్న హోహోకమ్ జనం వందల మైళ్ల కాలువలు తవ్వి ఆ ఎడారిలో పంటలు పండించారు. ఫీనిక్స్ నగరం ఆ పాత కాలువల ఆనవాళ్ల మీదే లేచింది. 19వ శతాబ్దం చివర్లో ఎగువన స్థిరపడ్డవాళ్లు హీలా నది నీళ్లు మళ్లించేసుకున్నారు. దిగువన ఓధామ్ పొలాలు ఎండిపోయాయి, కరువొచ్చింది, జనం ఆకలితో పోయారు. నీళ్ల హక్కు మీద వాళ్ల పోరాటం తరాలు నడిచి, చివరికి 2004లో అరిజోనా నీటి ఒప్పందాల చట్టంతో తేలింది. అంటే నది మనుషులు తమ నది కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్న ఏళ్లలోనే, ఆ ఎడారిలో టికెట్ కొని అల ఎక్కే కొలను నడిచింది. బిగ్ సర్ఫే వాళ్ల నీళ్లు దోచిందని మేము అనట్లేదు. ఎవరి నీళ్లకి ఎంత విలువ కట్టారో చూడమంటున్నాం, అంతే.

బిగ్ సర్ఫ్ 50 ఏళ్లు నడిచింది. 2019 సీజన్ తర్వాత మళ్లీ తెరవలేదు.

సముద్రం పక్కనే ఇంకో సముద్రం

బిగ్ సర్ఫ్ చూసి చాలామంది ఆశపడ్డారు. 1985లో పెన్సిల్వేనియాలోని ఆలెన్‌టౌన్ వేవ్ పూల్‌లో ప్రొఫెషనల్ పోటీ పెట్టారు. ఆస్ట్రేలియా ఆటగాడు టామ్ కారల్ గెలిచాడు. కానీ అలలు బలహీనంగా ఉండటంతో ఆటగాళ్లు పెదవి విరిచారు. ఆ పోటీ తర్వాత చాలా ఏళ్లు పెద్ద సర్ఫర్లు కొలను మాటెత్తితే నవ్వేవాళ్లు.

అందరికంటే పెద్ద కథ జపాన్‌ది. 1987లో అక్కడి ప్రభుత్వం రిసార్టులని ప్రోత్సహించే చట్టం తెచ్చింది. దాని కింద మియాజాకి అనే చోట సీగాయా అనే భారీ రిసార్టు వచ్చింది. అందులోని ఓషన్ డోమ్ 1993లో తెరిచారు. 300 మీటర్ల పొడవు, 100 మీటర్ల వెడల్పు, తెరుచుకునే పైకప్పు, లోపల కృత్రిమ ఇసుక, యంత్రపు అలలు. తమాషా ఏంటంటే నిజమైన పసిఫిక్ సముద్రం అక్కణ్ణుంచి కొన్ని వందల మీటర్ల దూరమే! అప్పులు తెచ్చి కట్టారు, అనుకున్నంత జనం రాలేదు. 2001లో రిసార్టు దివాలా తీసింది. డోమ్ 2007లో మూతపడింది, 2017లో కూల్చేశారు. సముద్రం మాత్రం ఇప్పటికీ అక్కడే ఉంది.

అల వెనక లెక్క

ఇన్ని డబ్బులు పోసినా ఎందుకు కుదరలేదు? ఇంజినీరింగ్ చదివే మనవాళ్లు ఈ భాగం కాస్త నెమ్మదిగా చదవండి.

సముద్రంలో అల ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో గాలి తోస్తే పుడుతుంది. ఒడ్డు దగ్గర లోతు తగ్గేకొద్దీ అల అడుగు నెమ్మదిస్తుంది, పైభాగం లేచి ముందుకి విరుగుతుంది. సర్ఫర్ ఆ విరిగే అంచు పక్కనే జారుతూ పోతాడు. కొలనులో రెండు పనులు చేయాలి. ఒకటి, అంత శక్తిని నీళ్లలోకి పంపడం. రెండు, కొలను అడుగుని సరైన వాలులో కట్టి అల ఒక పక్కనుంచి వరసగా విరిగేలా చేయడం. ఇవి రెండూ కుదిరినా మూడో చిక్కు ఉంది. అల గోడకి తగిలి వెనక్కి వస్తుంది. చెంబులో నీళ్లు కుదిపినట్టు కొలనంతా కలగాపులగం అవుతుంది. అది సద్దుమణిగే దాకా తర్వాతి అల పంపలేరు. అల ఆగిందంటే టికెట్ ఆగినట్టే. ఈ వ్యాపారంలో లాభనష్టాలు చాలావరకు ఇక్కడే తేలతాయి.

ఈ చిక్కు విప్పడానికి తలా ఒక దారి పట్టారు.

మొదటివాళ్లు స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతం వాళ్లు. జోసెమా ఓద్రియోజోలా ఇంజినీర్, ఆయన భార్య కారిన్ ఫ్రిష్ ఆర్థికశాస్త్రం చదువుకున్న మనిషి. ఇద్దరూ కలిసి 2005లో వేవ్‌గార్డెన్ కంపెనీ పెట్టారు. మొదట కొలను మధ్యలో నాగలి కర్రులాంటి రెక్కని తాడుతో లాగి రెండు పక్కలా అల లేపారు. నాగలి పోతుంటే మట్టి రెండు పక్కలా ఎట్లా పడుతుందో అట్లా. తర్వాత ఆ పద్ధతి వదిలేసి, వరసగా నిలబెట్టిన పలకలని కరెంటు మోటార్లతో ఒకదాని తర్వాత ఒకటి తోసే కోవ్ పద్ధతికి మారారు. దీంతో గంటకి 1000 అలల దాకా పంపొచ్చని కంపెనీ చెబుతుంది. బ్రిస్టల్‌లో 2019లో, మెల్‌బోర్న్‌లోనూ దక్షిణ కొరియాలోని సిహంగ్‌లోనూ 2020లో, స్విట్జర్లాండ్‌లోని సియోన్‌లో 2021లో తెరిచిన కొలనులు ఈ పద్ధతివే.

రెండో ఆయన కెల్లీ స్లేటర్. 11 సార్లు ప్రపంచ విజేత. 2006లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ద్రవాల కదలిక మీద పరిశోధన చేసే ఆడమ్ ఫించమ్‌ని కలిశాడు. దాదాపు పదేళ్లు గుట్టుగా పనిచేశారు. 2015 డిసెంబర్‌లో ఒక వీడియో వదిలారు. అద్దంలాంటి నీళ్లు, గీత గీసినట్టు విరిగే పొడవాటి అల. సర్ఫింగ్ లోకమంతా నోరెళ్లబెట్టింది. 2016లో ప్రపంచ సర్ఫ్ లీగ్ ఆ కంపెనీలో ఎక్కువ వాటా కొనేసింది.

మూడో ఆయన బ్రూస్ మెక్‌ఫార్లాండ్. ఆయన అమెరికన్ వేవ్ మెషీన్స్ కంపెనీ గదుల్లోకి గాలి ఒత్తిడి పంపి నీళ్లని కిందకి తోసి అల పుట్టిస్తుంది. టెక్సాస్‌లోని వేకోలో 2018లో తెరిచిన కొలను ఇదే పద్ధతి. ఆస్ట్రేలియాలో యెప్పూన్ దగ్గర ఆరన్ ట్రెవిస్ బృందం ఇంకో దారి పట్టింది. కొలను నడిమధ్య పెద్ద ఇనుప ముద్దని పైకీ కిందకీ ఆడించి చుట్టూ వలయాలుగా అలలు పంపింది. చెరువులో రాయి వేస్తే వచ్చే వలయాలే, కాకపోతే చాలా పెద్దవి.

వీటన్నిటికీ కరెంటు కావాలి, ఎండకి ఆవిరయ్యే నీళ్లకి బదులు కొత్త నీళ్లు కావాలి, నీటి శుద్ధి కావాలి. 2018లో టెక్సాస్‌లోని ఒక పార్కుకి పోయొచ్చిన యువకుడు నీళ్లలో ఉండే అమీబా మెదడుకి సోకి చనిపోయాడు. అప్పట్నుంచి శుద్ధి మీద అందరూ జాగ్రత్త పెంచారు. ఖర్చూ పెరిగింది.

లెమూర్: కొలను వచ్చింది, సరస్సు పోయింది

కెల్లీ స్లేటర్ వీడియో తీసింది సముద్రానికి 160 కిలోమీటర్లకి పైగా లోపల, కాలిఫోర్నియాలోని లెమూర్ అనే వ్యవసాయపు ఊరి దగ్గర. పేరు సర్ఫ్ రాంచ్. అంతకుముందు అది నీళ్ల మీద స్కీయింగ్ చేసే కృత్రిమ చెరువు. సుమారు 700 మీటర్ల పొడవున పట్టాల మీద ఒక బండి పరుగెడుతుంది. దానికి తగిలించిన రెక్క నీళ్లని తోస్తూ పోతుంది. ఒక్కో అల మీద దాదాపు 50 సెకన్లు జారొచ్చు. తర్వాత నీళ్లు నిదానించే దాకా కొన్ని నిమిషాలు ఆగాలి. అందుకే మనిషికి పడే ఖరీదు చాలా ఎక్కువ, డబ్బున్నవాళ్లకే దక్కుతుంది.

ఇప్పుడు ఆ ఊరి చుట్టూ చూడండి. లెమూర్‌కి దక్షిణంగా ఒకప్పుడు టులేరి సరస్సు ఉండేది. మిసిసిపీ నదికి పడమర అంత పెద్ద మంచినీటి సరస్సు ఇంకోటి లేదు. టాచి యోకట్ జాతివాళ్లు దాన్ని పాషి అంటారు, పెద్ద నీళ్లు అని అర్థం. జమ్ముతో పడవలు అల్లుకుని, చేపలు, పక్షులు పట్టుకుని బతికేవాళ్లు. 19వ శతాబ్దంలో వలస వచ్చినవాళ్లు నదుల్ని కాలువలకి మళ్లించారు, తర్వాత డ్యాములు కట్టారు. సరస్సు అడుగు పత్తి పొలాలైంది. టాచివాళ్లని తోసి తోసి, 1934లో లెమూర్ పక్కనే సాంటా రోసా రాంచెరియా పేరుతో 40 ఎకరాలు చూపించారు. సముద్రమంత సరస్సు ఉన్న జాతికి 40 ఎకరాలు!

ఆ సరస్సు పోయిన చోటికి దగ్గర్లోనే చాలా ఖరీదైన కృత్రిమ అల లేచింది. 2018 సెప్టెంబర్‌లో అక్కడ ప్రపంచ స్థాయి పోటీ జరిగితే మగవాళ్లలో బ్రెజిల్ ఆటగాడు గాబ్రియెల్ మెడీనా, ఆడవాళ్లలో కరిస్సా మూర్ గెలిచారు. కరిస్సా హవాయి మూలవాసీ రక్తం ఉన్న అమ్మాయి. 2021లో టోక్యోలో సర్ఫింగ్‌కి మొదటిసారి ఒలింపిక్ పతకాలు ఇచ్చినప్పుడు ఆడవాళ్లలో మొదటి బంగారం ఆమెదే. సర్ఫ్ లీగ్ పోటీల్లో హవాయి ఆటగాళ్లు హవాయి జెండాతో ఆడతారు. ఒలింపిక్స్‌లో మాత్రం అమెరికా జెండా కింద ఆడాలి. ఆట పుట్టిన జాతికి ఆ ఆట ఒలింపిక్స్‌లో సొంత జెండా లేదు.

2023లో భారీ వానలు, మంచు కరిగిన నీళ్లు కలిసి టులేరి సరస్సు తిరిగొచ్చింది. లక్ష ఎకరాలకి పైగా మునిగింది. రైతులకి, కూలీలకి అది వరద, నష్టం. టాచివాళ్లకి మాత్రం పాషి తిరిగి రావడం. ఒడ్డుకి పోయి పాటలు పాడి, పూజలు చేశారు. మరుసటి ఏడాదికల్లా నీళ్లు మళ్లీ చాలావరకు తగ్గిపోయాయి. అదే జిల్లాలో రెండు నీళ్లు ఉన్నాయి చూడండి. ఒకటి యంత్రం ఆన్ చేస్తే లేస్తుంది. ఇంకోటి ఎవరూ పిలవకుండా తన చోటు గుర్తుపెట్టుకుని వచ్చింది.

అసలు డబ్బు ఎక్కడ?

టికెట్లతోనే ఈ కొలనులు బతకడం కష్టం. వేల్స్‌లోని డోల్‌గారోగ్ ఊరి సంగతే తీసుకోండి. అక్కడ అల్యూమినియం ఫ్యాక్టరీ ఉండేది. దానికి కరెంటు కోసం కొండల్లో కట్టిన ఆనకట్ట 1925 నవంబర్‌లో తెగి 16 మంది చనిపోయారు. ఫ్యాక్టరీ 2007లో మూతపడింది. ఆ స్థలంలో 2015లో వేవ్‌గార్డెన్ పాత పద్ధతితో సర్ఫ్ స్నోడోనియా తెరిచారు. మూతపడ్డ ఊరికి మళ్లీ పని దొరుకుతుందని ఆశ. కొంత దొరికింది కూడా. కానీ యంత్రం మరమ్మతులు వేధించాయి, 2023లో అలల కొలను మూసేశారు. ఫ్యాక్టరీ పోయింది, కొలనూ పోయింది. ఊరు రెండుసార్లు దెబ్బతింది.

అందుకే ఇప్పుడు చాలాచోట్ల అల పక్కన ప్లాట్లు, విల్లాలు అమ్ముతున్నారు. బ్రెజిల్‌లో సావో పౌలో దగ్గర ప్రాయా ద గ్రామా ఇట్లాంటిదే. గేటు లోపల ఇళ్లు కొన్నవాళ్ల కోసం కట్టిన సముద్రం అన్నమాట. అక్కడ అల ఇంటి ధర పెంచే సరుకు.

కాలిఫోర్నియాలోని కోచెల్లా లోయలో కూడా స్లేటర్ పద్ధతితో పెద్ద రిసార్టు ప్రతిపాదించారు. లా కింటా నగరం అది. ఎడారి ఊరు, పైగా కరువు. స్థానికులు వ్యతిరేకించారు. 2022 సెప్టెంబర్‌లో నగర మండలి ఆ ప్రతిపాదనని తిరస్కరించింది. ఈ లోయ కవియా మూలవాసులది. చేత్తో మెట్ల బావులు తవ్వుకుని ఎడారిలో నీళ్లు సాధించిన జాతి. లా కింటా పక్క ఊరి పేరు ఇండియన్ వెల్స్ అంటేనే తెలుస్తుంది గదా. ఆ లోయలోనే ఆగ్వా కాలియెంటే కవియా వాళ్లు భూగర్భ జలాల మీద కోర్టుకి పోయారు. రిజర్వేషన్ భూమి ఇచ్చారంటే దాంతో పాటు నీళ్ల హక్కు కూడా ఇచ్చినట్టే అని 1908లో విన్టర్స్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది. ఆ హక్కు భూమి కింది నీళ్లకీ వర్తిస్తుందని 2017లో ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆగ్వా కాలియెంటే కేసులో తీర్పిచ్చింది. లా చదివే మిత్రులు ఈ రెండు పేర్లు రాసిపెట్టుకోండి.

అల మళ్లీ హవాయికి

చివరగా కష్టమైన ప్రశ్న. కొలను కట్టేది మూలవాసే అయితే?

హవాయిలో ఓఅహు దీవి మీద కలాయెలోవా అనే చోట, పాత నౌకాదళ స్థావరం ప్రాంతంలో, హోనోకెయా అనే సర్ఫ్ గ్రామం ప్రతిపాదన వచ్చింది. దాని ముందున్న మనిషి బ్రయన్ కెఔలానా. పేరున్న మూలవాసీ కుటుంబం. సముద్రంలో మునిగిపోయేవాళ్లని జెట్ స్కీతో కాపాడే పద్ధతిని తీర్చిదిద్దిన వాళ్లలో ఒకడు. పిల్లలకి నీళ్లలో భద్రత నేర్పుతాం, మన ఆటని మన చేతిలో పెట్టుకుంటాం అన్నది వాళ్ల మాట. ఎదురు నిలబడ్డవాళ్లలోనూ మూలవాసులే ఉన్నారు. భూమి కింద నీళ్లు పాడవుతాయి, ఆ నీటి గుంటల్లో బతికే చిన్న ఎర్ర రొయ్యలు పోతాయి, ఆ నేలలో మన పూర్వీకుల ఎముకలు ఉన్నాయి అన్నారు. 2023లో కోర్టుకెక్కారు.

రెండు వైపులా ఉన్నది మనలాంటి వాళ్లే. ఒకరు ద్రోహి, ఒకరు వీరుడు అని తేల్చేసి చేతులు దులుపుకోవడం తేలిక. కానీ ఇట్లాంటి పరిస్థితి రేపు మన దగ్గరా వస్తుంది, వస్తోంది కూడా. మనలో చదువుకున్న ఒకరు రిసార్టు పెడతాననొచ్చు, మన ఊరి పెద్ద వద్దనొచ్చు. అప్పుడు మనిషి జాతి చూసి మాత్రమే నిర్ణయించలేం. నీళ్లు, నేల, పూర్వీకుల చోటు ఏమవుతాయో కూర్చుని లెక్క చూసుకోవాలి.

మనం అడగాల్సినవి

అరకు, మారేడుమిల్లి, లంబసింగి వైపు ఇప్పుడు టూరిజం ఎంత పెరుగుతోందో మనకి తెలుసు. రేపు మన దగ్గర సర్ఫింగ్ కొలను వస్తుందో రాదో గానీ, ఏ పేరుతో వచ్చినా ఈ చరిత్ర నేర్పిన ప్రశ్నలు అవే.

నీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తారు? బోరా, వాగా, చెరువా? ఎండాకాలంలో ఊరికి ముందా, కొలనుకి ముందా?

మన పేర్లు, మన థింసా, మన ఇళ్ల బొమ్మలు గోడల మీద పెడతారు సరే. లాభంలో వాటా ఉందా, లేక వైకికీ పేరు పెట్టుకున్నట్టేనా?

ఇచ్చే ఉద్యోగాలు గేటు దగ్గర కాపలావా, లెక్కల పుస్తకం దగ్గరవా?

మూతపడితే ఏంటి? ఓషన్ డోమ్ కూల్చడానికి పదేళ్లు పట్టింది. మన భూమిలో సిమెంటు తొట్టి మిగిలితే ఎవరు తీస్తారు?

మన దగ్గర చట్టాలు లేకపోలేదు. 1/70 చట్టం ఉంది. 1996 పెసా చట్టం గ్రామసభకి నోరిచ్చింది. 1997లో సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతర కంపెనీలకి గనుల లీజుకి ఇవ్వకూడదని చెప్పింది. కవియావాళ్లకి 1908 నాటి తీర్పు 2017లో పనికొచ్చింది. 109 ఏళ్లు ఆ కాగితాన్ని ఎవరో ఒకరు చదువుతూ ఉన్నారు కాబట్టే పనికొచ్చింది. మన కాగితాలు కూడా మనం చదువుతూ ఉండాలి. ఊళ్లో పెద్దవాళ్లకి చదివి వినిపిస్తూ ఉండాలి.

ఒక మాటతో ముగిస్తాం. హవాయివాళ్ల ఆటని అందరూ తీసుకుపోయారు, పలక తీసుకుపోయారు, ఊరి పేరూ తీసుకుపోయారు. అయినా ఇవాళ ప్రపంచంలో ఎవరు అల ఎక్కినా వాళ్ల కాళ్ల కింద ఉన్నది హవాయివాళ్ల తెలివే. ఆ మాట గట్టిగా చెప్పే చరిత్రకారులు ఆ జాతిలోంచే వచ్చారు. మన కథ కూడా మనమే రాసుకోవాలి.

హాస్టళ్లలో కూర్చుని చర్చించండి. మీ ఊళ్లో నీళ్ల కథ ఏదైనా ఉంటే రాసి పంపండి.

జోహార్. జై ఆదివాసీ.